చదవకండి, తీయండి

“కాగితాలకి ఫోటోలు తీయడానికి ఆఫ్రికా దాకా పోవాలా వదినా? మన రిజిస్ట్రారాఫీసులో గుట్టలుగుట్టలు పడున్నాయిగా!” అంది మా ఆడపడుచు. నేనప్పుడు ఆవకాయ సీసాకి నాలుగో ప్లాస్టిక్ కవరు చుడుతున్నాను. ఏం చెప్పాలో తోచలేదు. “పిలుపొచ్చింది, వెళ్తున్నాం” అన్నాను.

మాది రాజమండ్రి. మా ఆయన రైల్వేలో స్టేషన్ మాస్టరుగా రిటైరయ్యారు. నేను హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. పుట్టింటివాళ్ళు లూథరన్లు. మేమిద్దరం మాత్రం పాతికేళ్ళ కిందట యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో చేరాం. బయటివాళ్ళు మోర్మన్లు అంటారు. తెల్ల చొక్కా, టై, గుండెమీద నల్ల పేరు బిళ్ళతో ఇద్దరిద్దరుగా తిరిగే కుర్రాళ్ళని మీరు చూసే ఉంటారు. పెద్దవాళ్ళు కూడా అలా మిషనుకి వెళ్ళొచ్చని మాత్రం చాలామందికి తెలియదు. పిల్లలు స్థిరపడి, ఒంట్లో ఓపిక ఉన్న దంపతులు దరఖాస్తు పెట్టుకుంటే ఆరు నెలల నుంచి రెండేళ్ళ లోపు ఎక్కడికో ఒకచోటికి పంపిస్తారు. ఖర్చు మనదే. అద్దె, తిండి, పెట్రోలు అన్నీ మా పెన్షన్లలోంచే. అసలు తెలుగువాళ్ళలో మా సంఘం మొదలైందే ఒక దంపతుల మిషనుతో. 1978 డిసెంబరులో ధర్మరాజు దంపతులు సమోవా నుంచి హైదరాబాదు వచ్చి తమ బంధువులకి చెబితే 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆవిడ తండ్రే మోర్మన్ గ్రంథంలో కొన్ని భాగాలు తెలుగులోకి తెచ్చారు.

మా పిలుపు ఈమెయిల్లో వచ్చింది. దక్షిణాఫ్రికా, క్వాజులు-నటాల్ రాష్ట్రం, పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఊరు. పని: రికార్డుల భద్రత. పద్దెనిమిది నెలలు. బైబిలు చేత్తో పట్టుకుని ఇంటింటికీ తిరగాలేమోనని నేను ముందు నుంచీ మోకాళ్ళకి తైలం రాసుకుంటున్నాను. తీరా చూస్తే కూర్చుని చేసే పని.

వీసా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, తలుచుకుంటే ఇప్పటికీ చిరాకే. పోలీస్ క్లియరెన్స్, మెడికల్, క్షయ లేదని ఛాతీ ఎక్స్‌రే రిపోర్టు, సంఘం ఇచ్చే పూచీ ఉత్తరం, బ్యాంకు స్టేట్‌మెంట్లు. కొండవీటి చాంతాడంత జాబితా. నాలుగు నెలలు పట్టింది. ఈలోపు పోలీస్ క్లియరెన్సుకి గడువు తీరిపోయి మళ్ళీ తెచ్చుకోవాల్సొచ్చింది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు నుంచి దుబాయ్ మీదుగా డర్బన్‌లో దిగాం. అక్కడా కారు ఎడమవైపే నడుపుతారు. అది చూసి మా ఆయనకి సగం బెంగ తీరింది.

ఈ రికార్డుల పని దేనికో ముందు చెప్పాలి. మా నమ్మకంలో కుటుంబం చావుతో తెగిపోదు. పోయిన మన పెద్దల పేరు మీద మనం ఆలయంలో బాప్తిస్మం, కుటుంబ బంధనం లాంటివి చేయించవచ్చు. వాళ్ళు ఒప్పుకుంటారో లేదో అవతల వాళ్ళిష్టం. దానికి ముందు వాళ్ళెవరో తెలియాలి కదా. అందుకే 1894లోనే సాల్ట్ లేక్ సిటీలో వంశావళి సంస్థ పెట్టారు. 1938 నుంచి ప్రపంచమంతా తిరిగి చర్చి రిజిస్టర్లు, కోర్టు కాగితాలు మైక్రోఫిల్ము మీదికి ఎక్కించడం మొదలుపెట్టారు. అలా చేరిన 24 లక్షల ఫిల్ము చుట్టల్ని డిజిటల్ చేయడం 2021లో పూర్తయింది. ఇప్పుడు ఫిల్ము లేదు, నేరుగా డిజిటల్ కెమెరానే. ఫ్యామిలీసెర్చ్ అనే పేరుతో అన్ని మతాలవాళ్ళకీ ఉచితంగా చూపిస్తారు. పితృదేవతలకి మూడు తరాల పేర్లు చెప్పి తర్పణం వదిలే దేశంలో పుట్టినదాన్ని కాబట్టి ఇదేమీ నాకు వింతగా అనిపించలేదు. మా పక్కింటి శాస్త్రిగారికి చెబితే, “మీరూ మా దారికే వచ్చారన్నమాట” అని నవ్వారు.

మాకిచ్చిన చోటు పాత దస్తావేజులుండే ఒక ఆర్కైవ్. వెనకవైపు గదిలో రెండు బల్లలు. ఒక బల్ల మీద స్టాండుకి తలకిందులుగా బిగించిన కెమెరా, అటూ ఇటూ రెండు దీపాలు, కింద నల్లటి పలక, పక్కన కంప్యూటరు. రెండో బల్ల ఖాళీ, అది మా ఆయన రాజ్యం. తెల్ల గ్లవుజులు ఇస్తారనుకున్నాను, సినిమాల్లో చూపించినట్టు. ఇవ్వలేదు. గ్లవుజుతో కాగితం అంచు తెలియక చింపేస్తారట, సబ్బుతో కడిగి ఆరబెట్టుకున్న చేతులే మేలట. పద్దెనిమిది నెలల్లో నా చేతులు రోజుకి పదిసార్లు కడిగీ కడిగీ బీటలు వారాయి.

మా పెట్టెలన్నీ ఎస్టేటు ఫైళ్ళు. ఎవరైనా చనిపోతే వాళ్ళ ఆస్తి పంపకం కోసం ప్రభుత్వం తెరిచిన ఫైలు. ప్రతిదానికీ ఒక మరణ నోటీసు ఉంటుంది. పోయినవారి పేరు, పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు, వయసు, పని, పెళ్ళయిందా లేదా, భార్య లేదా భర్త పేరు, ఏ ఇంట్లో ఏ రోజు పోయారు, పిల్లలెందరు, వాళ్ళ పేర్లు. వెనకాల వీలునామా ఉంటే వీలునామా, సామాన్ల జాబితా, అప్పుల లెక్క. వంశవృక్షం కట్టేవాడికి ఆ ఒక్క పేజీయే పెన్నిధి.

మా ఆయన విప్పేవారు, నేను తీసేదాన్ని. విప్పడమంటే చిన్న పని కాదు. పాత రోజుల్లో కాగితాన్ని నిలువునా మూడు మడతలు పెట్టి, గుండుసూది గుచ్చి, నూలు పట్టీతో కట్టేవారు. వందేళ్ళలో ఆ సూది తుప్పు పట్టి కాగితానికి అతుక్కుపోయి ఉంటుంది. దాన్ని లాగకూడదు, కాగితాన్నే మెల్లగా సూది మీద నుంచి జరపాలి. మడతలు అరచేత్తో సాపు చేయాలి. ఏ కాగితం తర్వాత ఏ కాగితం ఉందో ఆ వరస మారకూడదు. రెండో వారంలోనే మా ఆయన వేలికి తుప్పు సూది గుచ్చుకుని టెటనస్ ఇంజక్షన్ దాకా వెళ్ళాం. అప్పటి నుంచి తీసిన సూదుల్ని ఒక జామ్ సీసాలో వేసేవారు. మేం వచ్చేసేనాటికి ఆ సీసా మెడ దాకా నిండింది.

ఇక నా పని. ముందు ఫైలు నంబరున్న అట్ట, దానికొక ఫోటో. తర్వాత ఒక్కో కాగితం. నల్ల పలక మీద వంకర లేకుండా పెట్టాలి, మీట నొక్కాలి, తెరమీద అక్షరం అంచు స్పష్టంగా ఉందో లేదో చూడాలి, తీసి పక్కన బోర్లించాలి. వెనకాల ఒక్క అక్షరమున్నా వెనకాలా తీయాలి. పెద్ద పటమైతే రెండు ముక్కలుగా, మధ్యలో కొంచెం ఒకదానిమీదొకటి వచ్చేలా తీయాలి. అన్నీ అయ్యాక మా ఆయన ఫైలు ఎలా వచ్చిందో అలాగే పట్టీ కట్టి పెట్టెలో పెట్టేవారు. మంచి రోజున 1,400 దాకా వచ్చేవి. చెడ్డ రోజున 500 రావడం గగనం. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఇదే.

మొదటి వారం శిక్షణలో మాకు వీడియోలో నేర్పినామె ఒక మాట గట్టిగా చెప్పింది: చదవకండి, తీయండి. చదవడం మొదలుపెడితే రోజుకి వంద కూడా కావు. పైగా అవి వేరే కుటుంబాల సంగతులు, మనం చూసినవి బయట చెప్పం, సొంతానికి కాపీలు తీసుకోబోమని సంతకం కూడా పెట్టించుకున్నారు. మా ఆయన ఆ నియమాన్ని సిగ్నల్లాగా పాటించారు. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఎర్రదీపం చూపించి బండ్లు ఆపిన మనిషి. నాకే చేత కాలేదు. కాగితం కనిపిస్తే కళ్ళు వాటంతటవే నడుస్తాయి. సోషల్ టీచర్ని కదా.

అదీగాక, అవి మనవాళ్ళవి. అందరివీ కాదు. ఇంగ్లీషువాళ్ళవీ డచ్చివాళ్ళవీ బోలెడు. కానీ పదిలో ఒకటో రెండో తీయగానే కింద ఒక అంకె ఉండేది: ఇండియన్ ఇమిగ్రెంట్ నంబరు ఫలానా. చెరకు తోటల్లో కూలికి 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడలో మొదటి జట్టు డర్బన్‌లో దిగింది. అప్పటి నుంచి 1911 దాకా మద్రాసు, కలకత్తా రేవుల నుంచి 1,52,184 మంది వచ్చారు. ఐదేళ్ళ ఒప్పందం. ఓడ దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు. తోటలో ఆ నంబరే, పెళ్ళి నమోదుకి ఆ నంబరే, ఒప్పందం తీరాక ఇక్కడే ఉండిపోతే 1895 చట్టం ప్రకారం ఏడాదికి మూడు పౌన్ల తలపన్ను కట్టడానికీ ఆ నంబరే. అదే నంబరు చావు కాగితం దాకా వెంట వచ్చింది.

పుట్టిన ఊరు అన్న గడిలో ఎక్కువమందికి ‘మద్రాస్, ఇండియా’ అని ఒకే మాట. మద్రాసులో ఓడెక్కారు కాబట్టి మద్రాసు. నెల్లూరు కావచ్చు, చిత్తూరు కావచ్చు, గంజాం కావచ్చు. చెప్పే కొడుకు అక్కడే పుట్టినవాడు, వాడికి తెలియదు. రాసే గుమస్తాకి అక్కర్లేదు. అరుదుగా ఎవరో ముసలాయన బతికుండగా చెప్పి ఉంటే ఊరి పేరు పడేది, అదీ ఇంగ్లీషు చెవికి విన్నట్టు. “ఇది చూడండి, ఇది రాజాం కాదూ?” అనేదాన్ని. “ఫోటో తియ్యి” అనేవారు మా ఆయన, తలెత్తకుండా.

భార్య గడి చూస్తే కడుపులో దేవినట్టుండేది. ‘హిందూ పద్ధతిలో పెళ్ళి, నమోదు లేదు’ అని రాసి ఉండేది. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మనిషికి కాగితం మీద భార్య అనే హోదా సందేహంలో పడేది. పిల్లలకి చెప్పిన పాఠం గుర్తొచ్చింది. 1913లో కేప్ కోర్టు జడ్జి సెర్ల్ క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్ళిళ్ళు చట్టం ముందు చెల్లవని తీర్పిస్తే, గాంధీగారి సత్యాగ్రహంలోకి ఆడవాళ్ళు దిగారని, 1914లో చట్టం మారిందని పరీక్షల్లో రెండు మార్కుల ప్రశ్న వేసేదాన్ని. ఆ రెండు మార్కులూ ఇక్కడ ఫైలుకొకటి చొప్పున నా బల్ల మీదికి వచ్చాయి.

ఒకరోజు, మే నెలలో అనుకుంటాను, ఒక వీలునామా తిప్పాను. కూరగాయల తోట చేసుకునే మనిషిది. రెండు ఆవులు, ఒక నాగలి, ఇత్తడి సామాను, ఒక ముక్కుపుడక, ఎవరో ఇవ్వాల్సిన నాలుగు పౌన్లు. చివర సాక్షుల ఇంగ్లీషు సంతకాలు. చాలామంది వేలిముద్రే వేసేవారు, కానీ ఇక్కడ సంతకం చేశాడు. తెలుగులో. కలం అలవాటు లేని చెయ్యి, తలకట్లు అక్షరాలకి అంటకుండా పైన ఎగురుతున్నాయి. అయినా చదవొచ్చు. ఆ గదిలో, ఆ భవనంలో, బహుశా ఆ వీధిలోనే ఆ మూడు అక్షరాలు చదవగలిగినవాళ్ళం మేమిద్దరమే.

“ఏమైంది? కెమెరా ఆగిందా?” అన్నారు మా ఆయన. నేను మాట్లాడకపోయేసరికి లేచి వచ్చారు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, ఆ రోజు మాత్రం ఆయనా చదివారు. పేరు ఇక్కడ రాయను, రాయకూడదు. తర్వాత ఆయనే చెయ్యి జాపి కాగితం వంకర సరిచేసి, “ఇప్పుడు తియ్యి” అన్నారు.

ఇలా చదువుతూ కూర్చుంటే తప్పులు రాకుండా ఉంటాయా? ఆ ఏడు దక్షిణాఫ్రికాలో కరెంటు కోతలు ఘోరం. లోడ్ షెడ్డింగ్ అని పేరు పెట్టి, రోజుకి మూడు నాలుగుసార్లు, రెండేసి గంటలు. ఫోన్లో యాప్ చూసుకుని అన్నం వండుకోవడం మనకి కొత్తేం కాదు కాబట్టి ఇంట్లో ఇబ్బంది పడలేదు. పనిలో పడ్డాం. కంప్యూటరుకి బ్యాటరీ ఉంది, దీపాలకి లేదు. ఒకసారి కరెంటొచ్చాక రెండు దీపాల్లో ఒకటి వెలగలేదు. నేను చూసుకోలేదు, ఏ సామాన్ల జాబితాలోనో ములిగి ఉంటాను. మొత్తం 612 ఫోటోలు, ప్రతి పేజీలో కుడి సగం మబ్బు పట్టినట్టు. మూడు వారాల తర్వాత తనిఖీలో తిరిగొచ్చాయి. కట్టిన పట్టీలన్నీ మళ్ళీ విప్పాలి. మా ఆయన ఒక్క మాటా అనలేదు. అంటేనే బాగుండేది. రెండు రోజులు నేను దేవుడి వాక్యం తప్ప ఏదీ చదవలేదు.

శనివారం మాది. కుర్రమిషనరీలకి ఉన్నన్ని కట్టుబాట్లు పెద్దవాళ్ళకి లేవు. మిషను హద్దులు దాటకపోతే చాలు. మా ఆయనకి మొదటి శనివారం ఎక్కడికెళ్ళాలో నేను చెప్పక్కర్లేదుగా. పీటర్‌మారిట్జ్‌బర్గ్ రైల్వే స్టేషన్. 1893 జూన్ 7 రాత్రి ఫస్టు క్లాసు టికెట్టు చేతిలో ఉన్న గాంధీగారిని రైల్లోంచి దింపేసింది ఇక్కడే. ఎర్ర ఇటుకల భవనం, ఇనుప జాలరు పనితనం, ప్లాట్‌ఫారం మీద ఫలకం. నేను ఆ చలి రాత్రి వెయిటింగ్ రూములో ఆయన ఎలా కూర్చుని ఉంటాడా అని నిలబడిపోయాను. జూన్ అంటే అక్కడ చలికాలం అని వెళ్ళాకే అర్థమైంది, పుస్తకంలో ‘వణుకుతూ’ అన్న మాట పిల్లలకి ఎన్నిసార్లు చదివి వినిపించినా. మా ఆయన మాత్రం పట్టాల వైపు వంగి చూస్తున్నారు. “మీటరు గేజీ కాదు, బ్రాడ్ గేజీ కాదు. మూడున్నర అడుగులు. కేప్ గేజీ అంటే ఇదే” అన్నారు, ఎవరో చిన్ననాటి స్నేహితుణ్ణి చూసినట్టు. ఆ తర్వాత మరో నాలుగుసార్లు వెళ్ళాం ఆ స్టేషనుకి. నేను రెండుసార్లు కారులోనే కూర్చున్నాను.

హోవిక్ జలపాతం అరగంట దూరం. 95 మీటర్ల ఎత్తు నుంచి ఒక్క దూకు. చూడ్డానికి పది నిమిషాలు చాలు, తర్వాత బజార్లో మొక్కజొన్న పొత్తులు తిన్నాం. దానికి దగ్గర్లోనే నెల్సన్ మండేలాని 1962 ఆగస్టు 5న పట్టుకున్న చోటుంది. రోడ్డు పక్కన 50 ఉక్కు స్తంభాలు, పొడుగూ పొట్టీగా, ఏదో సగంలో ఆపేసిన కట్టడంలా ఉంటాయి. కాలిబాట మీద ఒక్క చోట నిలబడితే మాత్రం అవన్నీ కలిసి ఆయన ముఖం. అడుగు పక్కకేస్తే మళ్ళీ ఇనుప కడ్డీలే. నాకు ఈ ప్రయాణం మొత్తంలో అన్నిటికంటే నచ్చింది అదే, హ్లూహ్లువే అడవిలో చూసిన తెల్ల ఖడ్గమృగాలకంటే కూడా. ఖడ్గమృగాలు మా ఆయనకి నచ్చాయి. జూలో తప్ప ఏనుగుని చూడని మనిషి, మా కారుకి అడ్డంగా నిలబడ్డ ఏనుగుని చూసి హారన్ మీదికి చెయ్యి పోనిచ్చారు. నేను పట్టుకుని ఆపాను.

డర్బన్ దగ్గర ఉమ్‌షాంగాలో మా ఆలయం ఉంది, 2020 ఫిబ్రవరిలో ప్రతిష్ఠించారు. నెలకోసారి వెళ్ళేవాళ్ళం. వస్తూ వస్తూ ఎరుపూ తెలుపూ రంగుల లైట్‌హౌస్ దగ్గర హిందూ మహాసముద్రం చూసేవాళ్ళం. “ఇదే నీళ్ళు విశాఖపట్నం దాకా” అనేవారు మా ఆయన, ప్రతిసారీ. అక్కడి నుంచి చెరకు తోటల మధ్య మౌంట్ ఎడ్జ్‌కోంబ్. కూలీలు కట్టుకున్న పాత మారియమ్మ గుడి, గణేశుడి గుడి పక్కపక్కనే ఉన్నాయి. పరిచయమైన ఒకావిడ తీసుకెళ్ళింది. పేరు బిళ్ళ తీసి చేతిసంచిలో వేసుకున్నాను. దొంగతనంగా కాదు, వాళ్ళ గుళ్ళోకి నా బోర్డు ఎందుకని. గుమ్మంలో పసుపు రాసిన తీరు, తోరణం కట్టిన తీరు మా వీధిలోవే. ఆవిడ పేరు చివర రెడ్డి. ఇంటిపేరేమిటమ్మా అని అడిగాను. “రెడ్డి” అంది. అది కాదు, దాని ముందుండే ఇంటిపేరు అన్నాను. అర్థం కాలేదు ఆవిడకి.

నాకు మాత్రం అప్పుడే ఒక సంగతి తట్టింది. ఓడ జాబితాలో మనిషి పేరుకి గడి ఉంది, తండ్రి పేరుకి ఉంది, కులానికి ఉంది. ఇంటిపేరుకి గడి లేదు. దాంతో రెండో తరానికి చాలా ఇళ్ళలో ఆ కులం గడే ఇంటిపేరై కూర్చుంది. వేలమంది నాయుడులు, వేలమంది రెడ్డిలు. మన దగ్గర ఇంటిపేరు చెబితే ఊరు చెప్పొచ్చు, గోత్రం చెప్పొచ్చు, పిల్లనివ్వొచ్చో లేదో చెప్పొచ్చు. అక్కడ ఆ దారం ఓడ దిగిన రోజే తెగింది. ఫ్యామిలీసెర్చ్ లో నాయుడు అని కొడితే ఏం వస్తుంది? సముద్రం వస్తుంది.

తిండి గురించి రాయకపోతే మా ఆడపడుచు ఒప్పుకోదు. బన్నీ చౌ అని ఒకటుంది, కుందేలు కాదు. రొట్టె కడుపు తొలిచి అందులో మటన్ కూర పోసిస్తారు. డర్బన్ ఇండియన్ల సృష్టి. క్వార్టర్, అంటే పావు రొట్టె, చాలు ఇద్దరికి. కారం మాత్రం మన కారమే. టీ, కాఫీ మేం ముట్టం, మా నియమం. ఏ ఇంటికెళ్ళినా టీ వద్దంటే చిన్నబుచ్చుకుంటారు కదా, ఇక్కడ ఆ బాధ తప్పింది. రూయిబోస్ అని ఎర్రటి ఆకు కషాయం ఉంది, అది టీ మొక్క కాదు. పాలు పోసి, అల్లం దంచి వేస్తే మా ఆయన కళ్ళు మూసుకుని “కొవ్వూరు ప్లాట్‌ఫారం టీ” అనేవారు. అంత లేదు.

ఆదివారం ప్రార్థన. బుధవారం సాయంత్రాలు చర్చి భవనంలో వంశావళి గదిలో కూర్చునేవాళ్ళం. ఏ మతంవాళ్ళయినా వచ్చి కంప్యూటర్లో తమ పెద్దల్ని వెతుక్కోవచ్చు. సాధారణంగా ఇద్దరు ముగ్గురు. కొన్ని బుధవారాలు ఎవరూ రారు, నేను మోకాలి నొప్పి వ్యాయామం చేసుకునేదాన్ని.

2024 జులైలో, మేం బయల్దేరడానికి నెల ముందు, ఒక పెద్దాయన వచ్చారు. బస్సు డ్రైవరుగా రిటైరయ్యారట, డెబ్భై దాటి ఉంటాయి. ఇంటిపేరు నాయుడు, ఇంకేముంటుంది. తెలుగు అమ్మ, నాయన, నీళ్ళు, అన్నం, పో. అంతే వచ్చు. విదేశాల్లో ఉన్న భారత సంతతివాళ్ళకి ఇండియా ఇచ్చే ఓసీఐ కార్డుకి పెట్టుకోవాలని ముత్తాత ఓడ రికార్డు నకలు తీయించుకున్నారు. కార్డు పని ఎలాగో అయింది. ఆయన బాధ వేరు. అందులో ఊరు ఎక్కడుందో తెలియడం లేదు. ఇంటర్నెట్‌లో వెతికాడు, మ్యాపులో వెతికాడు. అలాంటి ఊరు ఇండియాలో లేదంది కంప్యూటరు.

ప్లాస్టిక్ కవరులోంచి కాగితం తీసి నా ముందు పెట్టారు. ఓడ ఉమ్‌లాజీ. నంబరు. వయసు 22. ఎత్తు. ఎడమ మోకాలి మీద మచ్చ. జిల్లా విశాఖపట్నం అని తెలుస్తూనే ఉంది. ఊరి గడిలో గుమస్తా వంకర రాత. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే పలికాను: సిప్పర్‌పిల్లి. మళ్ళీ పలికాను. పిల్లి ఏమిటి నా మొహం, పల్లి. సిప్పర్ కాదు...

“చీపురుపల్లి” అన్నారు వెనక నుంచి మా ఆయన.

ఇన్నాళ్ళూ చదవకు చదవకు అన్న మనిషి, నా భుజం మీదుగా వంగి చదువుతున్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో విజయనగరం దగ్గర పనిచేశారు. పెద్దాయన వైపు తిరిగి ఇంగ్లీషులో మొదలుపెట్టి, సగంలో మరిచిపోయి తెలుగులోకి వచ్చేసి, చేత్తో గాలిలో గీత గీస్తూ, విజయనగరం తర్వాత వరసగా, బండి ఆగినట్టు ఒక్కోటీ ఆగి ఆగి చెప్పారు: నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, సిగడాం, పొందూరు.

“ఇట్ ఈజ్ దేర్?” అన్నాడాయన. “ఇప్పటికీ ఉందా?”

“ఉంది. రైలు ఆగుతుంది” అన్నాను. ఫోన్లో మ్యాపు తీసి, సరైన అక్షరాలతో కొట్టి చూపించాను. స్టేషను, బజారు, చుట్టూ పచ్చటి పొలాలు. ఆయన వేళ్ళతో పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్ళీ పెద్దది చేసి చూశారు. తర్వాత తన ఫోను తీసి రికార్డింగు నొక్కి నా ముందు పెట్టారు. ఊరి పేరు చెప్పమన్నారు. చెప్పాను. ఆయన పలికారు, ‘ళ’కీ ‘ల’కీ మధ్య ఎక్కడో తేలింది. మళ్ళీ చెప్పమన్నారు. మూడోసారికి వచ్చింది.

“ఆ స్టేషన్లు కూడా” అన్నారు మా ఆయన వైపు ఫోను జరిపి.

మా ఆయన గొంతు సవరించుకున్నారు.